నీళ్లు మోయువాడు

సాయంకాలము ఆట ముగిసిన పిమ్మట మన మైదానపు గట్టుమీద పై తరగతుల బాలురు చేయు వాదమును నేను పలుమాఱు వినియున్నాను. దేశపు ఫుట్‌బాల్ జట్టునకు మిక్కిలి యవసరమైనవాడెవడు? ఎవరికిని తోచని చోటికి బంతిని పంపి గోలునకు దారి తీయు నేర్పరియా, లేక ఆట మొదలు తుదివఱకు పరుగెత్తి యెదుటివారి బంతిని లాగికొను కష్టజీవియా? పదుగురిలో తొమ్మండుగురు నేర్పరి పక్షమే. వారు ఫ్రాన్సు జట్టు కథను కొంచెము విచారింపవలెనని నా కోరిక.

1996లో ఎరిక్ కాంటొనా యను ప్రసిద్ధ క్రీడాకారుడు తన దేశస్థుడైన దిదియే దెషాంను నీళ్లు మోయువాడని యెగతాళి చేసెను. ఇతరులకు బంతి నందించుటకే గాని మఱి దేనికిని పనికిరానివాడని దాని భావము. వేసవిలో కావడివాని విలువ మన యూళ్లవారు చక్కగా నెఱుగుదురు. ఆయన యెఱుగడు కాబోలు! రెండేండ్లకు, 1998 జూలై 12వ తేదీన, సేన్-దెనీ పట్టణమున బ్రెజిలును 3-0 గోలులతో నోడించి ప్రపంచకప్పును చేత నెత్తిన నాయకుడు ఆ నీళ్లు మోయువాడే.

ఆనాటి మొదటి రెండు గోలులు జినెదిన్ జిదానువి. రెండును కార్నరు నుండి వచ్చిన బంతిని తలతో కొట్టినవి. ప్రజలు ఆతని పేరే పలికిరి, పలుకవలసినదే. కాని జట్టు కూర్పు చూడుడు. శిక్షకుడు ఎమే జాకే ఆతని వెనుక దెషాం, పెతీ, కరంబ్యూ అను మువ్వురిని నిలిపెను. జిదాను బంతితో తీఱికగా నాడగలిగెనన్న, ఆ తీఱికను వీరి పరుగు సంపాదించి పెట్టినది. ఆ పోటీల యేడాటలలో ఫ్రాన్సుమీద పడిన గోలులు రెండే. నడుమ సౌదీ అరేబియాతో నాడుచు నెదుటివానిని త్రొక్కినందున జిదాను రెండాటలకు దూరమయ్యెను. ఆ రెండును జట్టు గెలిచినది. అయితే పరాగ్వేతో నాడిన దినమున 114వ నిమిషము వఱకు గోలు రాలేదు.

నా వాదమునకు ప్రతికూలమైన సాక్ష్యమును దాచను. 2002లో జిదాను తొడకు దెబ్బ తగిలి మొదటి రెండాటలకు రాలేకపోయెను. మూడవదానికి కట్టుతో వచ్చెను. పాటుపడువారికి కొఱతలేదు, వియేరా యుండెను, పెతీ యుండెను. అయినను ఫ్రాన్సు మూడాటలలో నొక్క గోలయినను కొట్టలేక యింటి దారి పట్టెను.

కావున నేర్పరి యక్కఱలేదని నేననను. శ్రమను నేర్పు కాదనుటయే నాకు సహింపరానిది. బంతి యెక్కడికి రానున్నదో ముందే గ్రహించి, అది రాకమునుపే యచట నిలుచుట కాలి పని యొక్కటే కాదు, బుద్ధి పని. చూచువారి కన్నులు బంతి వెంట పోవుటచే ఆ నిలిచినవాడు వారికి కనబడడు. దెషాం దానిని మఱువలేదు. 2018లో మాస్కోలో తానే శిక్షకుడై కప్పు గెలిచినప్పుడు, అలుపెఱుగని పరుగునకు పేరొందిన ఎంగోలో కాంతేను ఆట నడుమ నిలిపెను.

క్రిందటి సంవత్సరము మన జట్టులో నొక బాలుని హాఫ్‌బాక్‌గా నిలుపగా వాడు కన్నీరు పెట్టుకొనెను. మఱునాడు తండ్రిగారు వచ్చి, మావాడు చేసిన తప్పేమి అయ్యగారూ, అని యడిగిరి. నేనప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. వేసవి సెలవుల తరువాత మరల జట్టు నేర్పఱుపవలసియున్నది. ఆ స్థానము నాకిండని తానై యడుగు బాలుడెవడైన నుండునా యని చూచుచున్నాను.