ఏడో పుస్తకంలో మహారాణి ఏం పోగొట్టుకుంది?

హీరో మూడో భాగంలో గానీ కనిపించని కథని మన నిర్మాత దగ్గరికి తీసుకెళ్తే ఏమంటాడు? కాఫీ యిప్పించి పంపేస్తాడు. అమెరికన్ రచయిత్రి సారా జె. మాస్ రాసిన ‘థ్రోన్ ఆఫ్ గ్లాస్’ వరస అచ్చంగా అలాంటి కథే! 2012లో వచ్చిన మొదటి నవలలో డోరియన్ అనే అందాల రాజకుమారుడున్నాడు. మాట తక్కువ, మనసెక్కువ అయిన కావలిదళం కెప్టెన్ కేయాల్ వున్నాడు. చదివే అమ్మాయిలు రెండు పార్టీలుగా చీలిపోయారు. తీరా 2014లో మూడో పుస్తకం తెరిస్తే రోవన్ అనే కొత్తవాడు దిగాడు. ఆఖరికి హీరోయిన్ని పెళ్ళాడింది కూడా వాడే!

ఆ వరసకి ముగింపు నవల ‘కింగ్‌డమ్ ఆఫ్ యాష్’. 2018 అక్టోబరులో వచ్చింది. వెయ్యి పేజీలకి కాస్త తక్కువ. దిండు కింద పెట్టుకుంటే దిండు అక్కర్లేదు. యీ వారం కబుర్లు దాని గురించే. ముగింపు దాచకుండా మాట్లాడుకోబోతున్నాం సుమండీ! యింకా చదవాల్సినవాళ్ళు పేజీ తిప్పేసి బొమ్మలు చూసుకోవచ్చు.

అసలీ కథ పుట్టింది ఓ సినిమాలోంచి. డిస్నీ వారి ‘సిండ్రెల్లా’ 1950లో వచ్చింది కదా, అందులో పన్నెండు కొట్టగానే అమ్మాయి రాజమందిరం నుంచి పరుగు తీసే చోట సంగీతం విన్నారా? గుండె దడదడలాడుతుంది. చెప్పు జారిపోయిన పిల్లకి అంత భయమెందుకు? ఒకవేళ ఆ పిల్ల రాజకుమారుణ్ణి చంపడానికి వచ్చిన హంతకురాలైతే? అక్కణ్ణించి అల్లుకుపోయింది మాస్. అప్పుడామెకి పదహారేళ్ళు. ఆఖరి పుస్తకం వచ్చేసరికి ముప్ఫై రెండు. అంటే సగం వయసు యీ ఒక్క కథతోనే గడిచిందన్నమాట.

హీరోయిన్ పేరు మొదట్లో సెలీనా. ఉప్పుగనిలో బానిసగా పడివున్న పద్ధెనిమిదేళ్ళ హంతకురాలు. పోగాపోగా తెలిసేదేమంటే, ఆమె అసలు పేరు ఏలిన్, శత్రువులు మింగేసిన టెరాసెన్ దేశానికి రాణి. నిప్పు ఆమె చెప్పిన మాట వింటుంది. 2016లో వచ్చిన అయిదో నవల చివర్లో మేవ్ అనే మాయల మహారాణి ఏలిన్‌ని యినుప పెట్టెలో పెట్టి తాళం వేయించి ఓడలో ఎత్తుకుపోయింది. సరిగ్గా అక్కడ యింటర్వెల్ కార్డు పడింది! మర్నాడు తక్కిన కథ చెప్పొద్దూ? ఆరో పుస్తకంలో కెమెరా కేయాల్ వైపు తిప్పేసి, వేరే ఖండానికి వెళ్ళిపోయింది రచయిత్రి. పాఠకులు రెండేళ్ళు పెట్టె మూత వైపు చూస్తూ కూచున్నారు.

మూత తీశాక కనిపించిన విషయమే యీ నవలకి ప్రాణం అనిపించింది నాకు. చెరలో ఏలిన్‌ని చిత్రహింసలు పెడతారు. పెట్టాక వైద్యులు వచ్చి ఒంటిమీద గీత కూడా లేకుండా నయం చేస్తారు. మళ్ళీ మొదలు! అలా నయం చెయ్యడంలో కొత్త గాయాలతోబాటు పాత మచ్చలూ పోతాయి. ఉప్పుగనిలో కొరడా చేసిన మచ్చలు, వాటిమీద రోవన్ తన చేత్తో పొడిచిన పచ్చబొట్టు, అన్నీ మాయం. ఆ పచ్చబొట్టులో ఆమె పోగొట్టుకున్నవాళ్ళ పేర్లున్నాయి. ఒళ్ళు పసిపాప ఒళ్ళులా మిగిలింది, ఏ జ్ఞాపకానికీ ఒంటిమీద సాక్ష్యం లేదు. మచ్చ పోయినందుకు ఏడ్చే హీరోయిన్ని యింకెక్కడన్నా చూశారా? మేకప్ వేసి మచ్చలు కప్పే వ్యాపారంలో వున్న మనకి యిది కొంచెం గట్టిగానే తగుల్తుంది.

ఆ గదిలో ఆమెకున్న తోడల్లా ఫెన్రిస్ అనే తెల్ల తోడేలు రూపంలోని యోధుడు. కదలకూడదని మేవ్ ఆజ్ఞ. కన్నార్పులతోనే మాట్లాడుకుంటారిద్దరూ. డైలాగు ఒక్కటి లేదు, పేజీలకి పేజీలు వూపిరి బిగపట్టి చదివిస్తుంది.

యిక ముగింపు. లోకాల మధ్య తెరిచివున్న ద్వారాలు మూయాలంటే ప్రాణం పొయ్యాలి. ఆ బరువు ఏలిన్, డోరియన్ సగం సగం పంచుకోవాలనుకుంటారు. డోరియన్ వంతుకి ఎదురుచూడని మనిషి అడ్డొస్తాడు. మొదటి నుంచీ మనం విలన్ అనుకున్న అతని తండ్రి! ఏలిన్ బతుకుతుంది. కానీ కొండల్ని కాల్చే ఆ నిప్పు పోయి నిప్పురవ్వ మిగుల్తుంది. పుట్టుకతో వచ్చిన మనిషి శరీరమూ పోయింది. ‘చచ్చిపోతే బాగుండేది, పుస్తకానికి బరువొచ్చేది’ అన్నవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ఉన్నదంతా వూడ్చి యిచ్చేసి, రవ్వంత నిప్పుతో మళ్ళీ యుద్ధానికి నడిచి రావడం చచ్చిపోవడం కంటే కష్టమైన పని.

అన్నట్టు, ఆ లోకాల మధ్య పడిపోతున్నప్పుడు ఓ గెస్టు పాత్ర వుంది! మంచుకొండ మీద రెక్కలున్న ఓ పురుషుడు, పక్కన నిండు గర్భిణి, పైన నక్షత్రాలు. వాళ్ళు యిదే రచయిత్రి రాసే మరో వరసలోని జంట అని అభిమానులు యిట్టే పట్టేశారు. ఆ వరసలో గర్భం సంగతి బయటపడింది 2021లో! మూడేళ్ళ ముందే ట్రైలర్ వదిలిందన్నమాట.

మరి అసలు విలన్ ఎరవాన్‌ని చంపిందెవరు? పిశాచాల రాజు వాడు, కత్తికి చావడు. చంపింది యిరీన్ అనే వైద్యురాలు. చాలా ఏళ్ళ కిందట ఓ మురికి రేవు వూళ్ళో, పూటకూళ్ళ సత్రంలో బల్లలు తుడిచే అమ్మాయి. వైద్యం చదువుకోవాలని పైసా పైసా కూడబెట్టుకుంటోంది. ఓ రాత్రి అక్కడ బస చేసిన అపరిచితురాలు, అదే మన ఏలిన్, ఆ పిల్లకి రౌడీలను ఎదుర్కోవడం నేర్పి, చదువుకి సరిపడా బంగారమూ ఓ చిన్న చీటీ వదిలి, పేరు చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ చీటీ యిరీన్ పోగొట్టుకోలేదు. యీ నవలలో దాన్ని ఏలిన్‌కి చూపించే ఘట్టం దగ్గర గొంతు పట్టెయ్యకపోతే నన్నడగండి! పిశాచం అంటే ఒంట్లో దూరిన రోగంలాంటిదనీ, వైద్యమే దానికి ఆయుధమనీ ఆరో పుస్తకంలోనే తేలింది. ఆరో పుస్తకం అనవసరం అని విసుక్కున్నవాళ్ళు యిక్కడ నోరు మూసుకున్నారు.

వంకలు లేవా అంటే బోలెడు. పాత్రధారులంతా జంటలు జంటలుగా సర్దుకోవడం చూస్తే సామూహిక వివాహాల పందిట్లో నిలబడ్డట్టు వుంటుంది. యుద్ధం మూడు నాలుగు చోట్ల జరుగుతూ, మంచి పట్టులో కథ తెగిపోతూంటుంది. ‘అయ్యో చచ్చాడే’ అనుకునేలోపు సాయం రావడం యెన్నిసార్లో! ఎడిటర్ చేతిలో కత్తెర వుంటే రెండొందల పేజీలు సుఖంగా ఎగిరిపోయేవి.

ఒక్క చోట మాత్రం సాయం రాలేదు. మనాన్ అనే మంత్రగత్తె దళాన్ని ‘పదముగ్గురు’ అంటారు. ఏడు భాగాల్లో నాకు హీరోయిన్ కంటే నచ్చినవాళ్ళు వీళ్ళే. నగరాన్ని బూడిద చెయ్యడానికి వచ్చిన మాయ బురుజుని పగలగొట్టడానికి, వెంట వస్తానన్న మనాన్‌ని ఆపేసి, తక్కిన పన్నెండుమందీ తమని తామే వెలుగుగా పేల్చేసుకుంటారు. ఆ అధ్యాయం చదివాక పుస్తకం మూసి కాసేపు నడిచి రావాల్సిందే.

తెర మీద ఎప్పుడూ అంటారా? 2016లో హులూ వారు సీరియల్‌గా తీస్తామని హక్కులు తీసుకున్నారు. ఆ సీరియల్ రాలేదు. మొదలుపెట్టే వాళ్ళకో మాట: ‘ది అసాసిన్స్ బ్లేడ్’ అని 2014లో వచ్చిన చిన్న కథల సంపుటి వుంది. కొసరు పుస్తకమే కదాని దాటెయ్యకండి. సత్రంలో బల్లలు తుడిచే ఆ పిల్ల వున్నది అందులోనే.