దిగినోళ్లను ఇల్లు చేర్చే దిక్కేది?

ఎడారిలో రెండేళ్లు రెక్కలు ముక్కలు చేసుకున్న మనోళ్లు సొంత దేశంలో దిగినంక కూడా తిప్పలు పడాల్నా? జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెలకు తిరిగొచ్చే గల్ఫ్ కార్మికుల తరఫున మేం అడుగుతున్న ప్రశ్న ఇది.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దుబాయి, దోహా, మస్కట్‌ల నుంచి నేరుగా విమానాలున్నాయి. అయినా నాలుగు పైసలు మిగులుతాయంటే ముంబయి, ఢిల్లీ మీదుగా వచ్చేవాళ్లున్నారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

దేశంలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్. అది సరే. కానీ సామాను సంగతేంది? హైదరాబాద్ దాకా ట్యాగ్ వేసినా సాధారణంగా బెల్టు దగ్గర నిలబడి తీసుకోవాలి. కస్టమ్స్ దాటించాలి. మళ్లీ అప్పజెప్పాలి. మళ్లీ సెక్యూరిటీ లైను. ఢిల్లీలో టి-3లో దిగినోడి రెండో విమానం టి-1లో ఉంటే బయటికొచ్చి కిలోమీటర్ల కొద్దీ రోడ్డు మీద పోవాలి. ముంబయిలో సహార్, శాంతాక్రజ్ టెర్మినళ్ల మధ్య మనోళ్లు ఏండ్ల తరబడి పడిన గోస ఇదే.

దీనికి తోడు ఏజెంట్ల చేతివాటం. రెండు వేర్వేరు టికెట్లు అంటగడతారు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఏ కంపెనీకీ పట్టదు, కొత్త టికెట్ కొనాల్సిందే. గల్ఫ్ విమానంలో 30 కిలోలు తెచ్చుకున్నోడికి దేశీయ టికెట్ మీద చాలా కంపెనీలు 15 కిలోలే ఉచితం అంటాయి. మిగిలిన ప్రతి కిలోకూ పైసలు కట్టాలి. పిల్లలకు తెచ్చిన దుప్పటికీ, పాలపొడి డబ్బాకూ కౌంటర్ దగ్గర జరిమానా అన్నట్టే!

ప్రభుత్వం ఏం చేసింది? వేగంగా ఇమిగ్రేషన్ దాటే పథకం 2024 జూన్‌లో ఢిల్లీలో పెట్టింది. 2025 జనవరిలో హైదరాబాద్ సహా మరో ఏడు విమానాశ్రయాలకు విస్తరించింది. మంచిదే. కానీ ముందుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి వేలిముద్రలు ఇచ్చినోళ్లకే ఆ దారి. అది దాటినా సామాను బెల్టు దగ్గర ఎదురుచూపు తప్పదు.

బంగారం దొంగ రవాణా ఆగాలంటే తనిఖీ ఉండాల్సిందేనని అధికారులంటారు. వద్దన్నదెవరు? ఐరోపా యూనియన్‌లో పాస్‌పోర్టు మొదటిచోట చూస్తారు, చెక్-ఇన్ సామాను మాత్రం ప్రయాణం ముగిసే విమానాశ్రయంలో తనిఖీ చేస్తారు. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ ప్రయాణాలకు ఒకటే టెర్మినల్. కస్టమ్స్ సిబ్బందీ అక్కడే ఉన్నారు. ఆ సామానుకు వేరే బెల్టు పెట్టడం కొండలు తవ్వే పనా?

మేం కోరేవి నాలుగే. సామాను తనిఖీ చివరి విమానాశ్రయంలో జరగాలి. టెర్మినళ్ల మధ్య ఉచిత బస్సు లోపలి దారిలోనే నడవాలి. ఏ టెర్మినల్‌లో దిగాలో, ఎక్కడ ఎక్కాలో, ఎన్ని కిలోలు తీసుకుపోవచ్చో ఏజెంటు తెలుగులో రాసివ్వాలి. ముంబయి, ఢిల్లీలలో తెలుగు మాట్లాడే మనిషితో సహాయ కేంద్రం పెట్టాలి.

గల్ఫ్ నుంచి వచ్చే పైసలు కావాలి, పంపిన మనిషి మాత్రం లైన్లలో నిలబడి తన దారి తనే వెతుక్కోవాలా? మన ఎంపీలు ఈ ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తాలి. ఓట్లకు ఊళ్లకొచ్చినప్పుడు మనోళ్ల ఇండ్లల్లో కూడా ఇదే అడుగుతారు.