కొల్లేరు కూడా ఒక తరగతి గదే

హాస్టల్ విహారయాత్ర అంటే గుళ్లూ, ఆనకట్టలే కానక్కరలేదు. ఈ శీతాకాలం అందరం కలిసి కొల్లేటి ఒడ్డున నడిచి పక్షులను చూద్దామన్నది మా ప్రతిపాదన.

కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందలాదిగా గూళ్లు కడతాయి. చెట్లు చాలక అటవీశాఖ వేయించిన ఇనుప స్టాండ్ల మీదా పిల్లల్ని పెంచుతాయి.

పక్షులను చూడటం బైనాక్యులర్లు ఉన్నవాళ్ల సరదా మాత్రమే కాదు. మనలో కొల్లేటి లంకల నుంచి వచ్చినవాళ్లున్నారు. ఏ పిట్ట ఎంత లోతు నీళ్లలో మేస్తుందో వాళ్లకు తెలుసు. ఆ చదువుకు పరీక్షల్లో మార్కులు లేవు. ఈ నడకలో ముందుండి చెప్పాల్సింది వాళ్లే.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు పాడైతే పక్షులకే కాదు, వల మీద బతికే కుటుంబాలకూ కూడు పోతుంది. పక్షులను, మనుషులను విడదీసి మాట్లాడేవారితో మేం ఏకీభవించం.

ఖర్చు ఎంత? బస్సు ఛార్జీ, పులిహోర పొట్లం, ఒక నోటుబుక్కు. గోల చేయకుండా నడుద్దాం. చూసిన పక్షుల పేర్లు మన ఊళ్లలో పిలిచినట్టే రాసి వచ్చే సంచికలో అచ్చువేద్దాం. వార్డెన్ గారు అనుమతించాలని, పూర్వ విద్యార్థులు తోడు రావాలని కోరుతున్నాం.