సులువంతా అలవాటులోనే ఉంది

విండోస్ సులువు, లినక్స్ కష్టం. కంప్యూటర్ దుకాణంలో ఎవరినడిగినా చెప్పే మాట ఇదే. బళ్లారి, హోసూరు, బరంపురం, ఊరేదైనా ఈ మాట మారదు. అయితే ఇలా చెప్పేవాళ్లలో చాలామంది విండోస్‌ను తమ చేత్తో ఎన్నడూ ఎక్కించి ఉండరు. కొన్ననాడే అది కంప్యూటర్‌లో ఉంది. పాడైతే దుకాణం కుర్రాడు ఫార్మాట్ చేసి మళ్లీ వేసిచ్చాడు. లినక్స్‌ను మాత్రం ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఎక్కించబోయి, డిస్కును ఎన్ని భాగాలు చేయాలన్న ప్రశ్న దగ్గరే చేతులెత్తేశారు. వడ్డించిన విస్తరిని, వండుకోవాల్సిన బియ్యాన్ని పక్కపక్కన పెట్టి రుచి తేల్చినట్టుంది ఈ పోలిక.

ఖాళీ డిస్కు మీద ఏది ఎక్కించినా పని దాదాపు ఒకటే. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. డిస్కులో చోటు చూపించాలి. భాష, కీబోర్డు ఎంచుకోవాలి. పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. డ్రైవర్లు దొరక్క విండోస్‌తో తంటాలు పడ్డవాళ్లూ తక్కువేం కాదు. కాకపోతే ఆ తంటాకు మందు పక్కింటివాడికి తెలుసు. లినక్స్ తంటాకు మందు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అలవాటు లేని ఔపాసన చేస్తే మీసాలన్నీ తెగ కాలాయని సామెత. తప్పు నిప్పుదీ కాదు, మీసాలదీ కాదు. కేరళ సర్కారు బడుల్లో కంప్యూటర్ పాఠాలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే సాగుతున్నాయి. అక్కడి పిల్లలకు అదే మామూలు.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. 2021లో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 చిప్పు, కొత్త తరం ప్రాసెసరు ఉంటేనే ఎక్కుతానంటుంది. శుభ్రంగా నడుస్తున్న పాత కంప్యూటర్లు ఎన్నో ఈ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. చిన్న బడికైనా, జిరాక్స్ షాపుకైనా కొత్తది కొనడం మాటలు కాదు. అప్‌డేట్లు లేకుండా నడపడమూ ప్రమాదమే. ఇలాంటప్పుడు 'కష్టం' అన్న ఒక్క మాట విని లినక్స్‌ను పక్కన పెట్టేయడం నష్టమే.

అందరూ మారిపోవాలనీ కాదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు వేసే డీటీపీ వాళ్ల పని విండోస్‌తోనే అల్లుకుపోయింది. వాళ్లది ఉత్త అలవాటు కాదు, బతుకుతెరువు.

సరిహద్దు అవతలి తెలుగువాళ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది. కంప్యూటర్‌లో ఏ భాష ఉండాలో తేల్చేది ఎక్కించేవాడి అలవాటే. హోసూరు కుర్రాడు తమిళం పెడతాడు, బళ్లారి కుర్రాడు కన్నడం పెడతాడు. తెలుగు మీద ఎవరికీ పగ లేదు, అడిగినవాళ్లు లేరంతే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు సరిగా కనిపించాలంటే సెట్టింగుల్లో టిక్ పెట్టి, సీడీ వేసి, వేరే ఫైళ్లు ఎక్కించాల్సి వచ్చేది. ఇప్పుడు విండోస్‌లో, ఉబుంటులో కూడా సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగు కీబోర్డును చేర్చుకుంటే చాలు.

ఇక్కడ అలవాటే మనకు చుట్టమవుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో మన దేశ భాషల అక్షరాలు చాలావరకు ఒకే చోట ఉంటాయి. కన్నడంలో 'క' ఏ మీట మీద ఉందో తెలుగులోనూ, మరాఠీలోనూ, ఒడియాలోనూ అదే మీట. బడిలో వాటిలో ఒకటి ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టడం వచ్చిన పిల్లకు తెలుగు కొట్టడం సగం పైగా వచ్చినట్టే. తమిళనాట వాడుకలో ఉన్న తమిళ్ 99 వరుస వేరు కాబట్టి, అక్కడివాళ్లు కాస్త అదనంగా చెయ్యి తిప్పుకోవాలి.

పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు ముందుగా ఫైళ్లు వేరే చోట భద్రపరచుకుని, ఉబుంటు లాంటిదాన్ని పెన్‌డ్రైవ్ నుంచే కొన్నాళ్లు నడిపి చూడొచ్చు. 'ఇన్‌స్టాల్' నొక్కనంత వరకు డిస్కులోది డిస్కులోనే ఉంటుంది. విండోస్‌తోనే ఉండేవాళ్లు ఫార్మాట్‌కు ఇచ్చేటప్పుడు ఒక్క మాట అనాలి, "తమ్ముడూ, తెలుగు కూడా పెట్టు" అని. నలుగురు అడిగితే ఐదోవాళ్లు అడక్కుండానే పెట్టడం ఆ కుర్రాడికీ అలవాటవుతుంది.