డయాలసిస్ రోజునే పోలింగు వస్తే?

2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగు జరిగింది. ఆ రోజు సోమవారం. అంతకు కొద్దిరోజుల ముందు ఉద్దానం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను అడిగింది: "సోమారమే నాకు డయాలసిస్సు. ఓటుకెల్తే అది పోద్ది, దానికెల్తే ఇది పోద్ది. ఏటి సెయ్యమంతావు బాబూ?"

ఇటువంటి సందేహం మీ ఇంట్లోనూ రావచ్చు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు తెలియనిది కాదు. మంచినీరు, మందులు, ఆసుపత్రి అందరికంటె ఎక్కువ అవసరమైనవారే ఆ రోజు మంచం పట్టుకుని ఉండిపోతే వారి గోడు వినేదెవరు? అందుచేత ఆమెకు చెప్పినదే మీకూ చెబుతున్నాను.

మొదటి మాట, డయాలసిస్ మానవద్దు. ఒక్కసారి మానినా ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోతాయి. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. పోలింగు తేదీ చాలా ముందే ప్రకటిస్తారు. కనుక సెంటరులో ముందుగా చెప్పి మధ్యాహ్నం షిఫ్టు అడగండి. పొద్దున్నే ఓటు వేసి అటు నుంచి వెళ్ళండి. డయాలసిస్ అయిన వెంటనే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చు. కాబట్టి ఓటు ముందు, డయాలసిస్ తరువాత.

రెండవది, ఎండలో నిలబడ్డారని ఎవరైనా ప్రేమగా కొబ్బరిబొండం ఇస్తే పుచ్చుకోకండి. కొబ్బరినీళ్ళలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. పక్కవారికి మేలు చేసేది మీకు ప్రమాదం. మంచినీరు కూడా మీ డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

మూడవది, ఫిస్టులా ఉన్న ఎడమచేతి వేలికి సిరా పూయించుకోవచ్చునా? నిరభ్యంతరంగా. అందులోని సిల్వర్ నైట్రేట్ చర్మాన్ని, గోరును పట్టుకుంటుంది తప్ప ఫిస్టులాకు హాని చేయదు. ఆ చేతిని ఎవరూ గట్టిగా పట్టి లాగకుండా మాత్రం చూసుకోండి.

షుగరు ఉన్నవారు టిఫిను తిని, మందు వేసుకుని బయలుదేరండి. కాస్త పంచదార వెంట ఉంచుకోండి. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు, వృద్ధులు తమను ముందుగా పంపమని అడగవచ్చు. చూపు లేనివారు, స్వయంగా బటను నొక్కలేనివారు పద్ధెనిమిదేళ్ళు నిండిన ఒకరిని తోడు తీసుకువెళ్ళవచ్చు.

2024లో 85 ఏళ్ళు దాటినవారికి, 40 శాతానికి తగ్గని అంగవైకల్యం ఉన్నవారికి 12డి ఫారం మీద ఇంటివద్దే ఓటు వేసే సదుపాయం ఇచ్చారు. నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లో ఆ ఫారం ఇవ్వాలి. కిడ్నీ జబ్బు ఒక్కటే ఉంటే ఆ సదుపాయం వర్తించలేదు. కొత్తగా పేరు చేర్చడానికి 6వ నంబరు ఫారం, ఇల్లు మారితే 8వ నంబరు ఫారం. సందేహమైతే 1950కి ఫోను చేయండి.

"డాక్టరుకు ఈ గొడవ ఎందుకు?" అంటారేమో. అమెరికాలో బోస్టన్ నగరపు డాక్టరు అలిస్టర్ మార్టిన్ 2019లో రోగులను ఓటర్లుగా నమోదు చేయించే పని మొదలుపెట్టారు. ఓటు ఎవరికన్నది అక్కడా అడగరు. మావంటి ప్రభుత్వ డాక్టర్లకు ఆ నియమం మరీ ముఖ్యం. మందు కోసం మా ముందు కూర్చున్న రోగికి మేము యథాలాపంగా అన్న మాట కూడా ఆజ్ఞలాగే వినిపిస్తుంది. అందుకే ఓటు వేయమంటాను, అంతవరకే. మీ డాక్టరు అంతకు మించి చెబితే ఆ సలహా పాటించనక్కరలేదు.

ఆ పెద్దావిడ తరువాతి వారం వచ్చి సిరా వేలు చూపించింది. ఎవరికి వేసిందో నేను అడగలేదు. డయాలసిస్‌కూ డయాలసిస్‌కూ మధ్య ఎన్ని కిలోలు పెరిగిందో అడిగాను. మీరూ ఆ లెక్క ప్రతిరోజూ రాసుకోండి.