మగాడి ఆపరేషన్ మీద మోపిన నింద

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటే మగాడి నడుం పడిపోతుందట, బరువు పనులు చెయ్యలేడట, సంసారానికి పనికిరాడట. చదువుకున్న ఇళ్లలోనూ ఈ మాటకు ఎదురు లేదు. ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు.

వృషణాలు చేసే పనులు రెండు. వాటిలోని సన్నని గొట్టాల్లో శుక్రకణాలు తయారవుతాయి. ఆ గొట్టాల మధ్య ఉన్న కణాల్లో టెస్టోస్టెరాన్ తయారవుతుంది. మీసం, గొంతు, కండ, కోరిక దీని చలవే. ఈ హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది. మగాడికి చేసే ఈ ఆపరేషన్ పేరు వేసెక్టమీ. అందులో కత్తిరించి కట్టేసేది శుక్రకణాలు ప్రయాణించే శుక్రవాహికలను మాత్రమే. అంగస్తంభనను నడిపే నరాలను, రక్తనాళాలను డాక్టరు ముట్టుకోడు. వీర్యం కూడా ఆగదు. అందులో ఎక్కువ భాగం వీర్యాశయాల నుంచీ ప్రొస్టేట్ గ్రంథి నుంచీ వస్తుంది, వృషణాల వాటా నూటికి ఐదు పాళ్లు మించదు. బయటికి దారి లేని శుక్రకణాలను శరీరమే పీల్చేసుకుంటుంది. ఇక నడుం పడిపోయేదెక్కడ?

ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే, 60 లక్షలకు పైగా మగవాళ్లకు ఈ ఆపరేషన్ చేశారు, చాలామందిని బలవంతంగా ఈడ్చుకెళ్లి. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ దౌర్జన్యం ప్రభుత్వానిది. దాని శిక్ష ఆడవాళ్లకు పడింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పిల్లల్ని కనే వయసులో ఉన్న పెళ్లయిన జంటల్లో ఆపరేషన్ ఆడవాళ్లే చేయించుకున్నవి నూటికి 38 దాకా ఉంటే, మగవాళ్లవి 0.3. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల వాటా 70కి దగ్గర. ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీకి పొట్ట లోపలికి వెళ్లాలి. కోత లేని వేసెక్టమీకి చర్మం మీద చిన్న రంధ్రం, ఆ చోటికే మత్తు చాలు, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. మూడు నెలలు వేరే జాగ్రత్త పాటించి, వీర్య పరీక్షలో శుక్రకణాలు లేవని తేలాక నిశ్చింత.

సిజేరియన్ టేబుల్ మీదే ఆపరేషనూ అయిపోతుందంటే కొంత అర్థముంది. కాన్పయిన నెలలకో ఏళ్లకో ఆపరేషన్ క్యాంపుకు వెళ్లే ఆడవాళ్ల సంగతేమిటి? 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో అలాంటి క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న నలుగురు తల్లులు చనిపోయారు. ఇంకెవరి ఇంట్లోనూ ఇలా జరక్కూడదంటే, క్యాంపుకు పేరు రాసే ఆశా కార్యకర్త ముందు భర్తతో కూర్చుని మాట్లాడాలి, డాక్టరు ముందు అతన్నే పిలవాలి.