దేవదాసు మెదడులో ఏముంది?

సువర్ణరేఖకు అటు సాక్చీ, ఇటు మాంగో. ప్రేమ విఫలమైన కుర్రాణ్ణి 'దేవదాసు' అని ఆటపట్టించడం రెండు ఒడ్డులా మామూలే. శరత్ నవలగా 1917లో అచ్చయిన ఆ బెంగాలీ బాబును 1953లో అక్కినేని తెలుగువాణ్ణి చేసేశారు. టాటా ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అతను రెండు భాషల్లోనూ చుట్టమే. అతనితో వచ్చిన చిక్కల్లా, ఎంత కుమిలితే అంత గొప్ప ప్రేమ అన్న నమ్మకం.

మెదడు చెప్పే కథ వేరు. ప్రేమలో తిరస్కారం ఎదురైన 15 మంది మెదళ్లను అమెరికాలో హెలెన్ ఫిషర్ బృందం స్కాన్ చేసి, 2010లో ఫలితాలు వెల్లడించింది. వదిలి వెళ్లినవారి ఫొటో చూడగానే, కొకైన్ వ్యసనపరుల్లో చురుకయ్యే భాగాలే వీరిలోనూ చురుకయ్యాయి. అంటే దేవదాసు సీసా పట్టకముందే మత్తుకు బానిస! 2011లో మరో అధ్యయనం, ఒంటి నొప్పికి స్పందించే భాగాలే ఎడబాటుకూ స్పందిస్తాయంది. చోటు ఒకటే అయినా తీరు వేరని 2014లో ఇంకో అధ్యయనం సవరించింది.

ఫిషర్ ఫలితాల్లో అంతగా ప్రచారం కానిది ఒకటుంది. తిరస్కారం జరిగి ఎక్కువ రోజులైనవారిలో, అనుబంధంతో ముడిపడ్డ ఒక భాగం చురుకుదనం తగ్గింది. ఆ రోజులు గడపడమే కష్టం. 2022లో దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో 4.5 శాతానికి ప్రేమ వ్యవహారాలే కారణమని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం టెలీ మానస్ ప్రారంభించింది. మాంగో నుంచైనా, మదనపల్లె నుంచైనా 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.